కీమో రోజుల్లో తేనె: కౌంట్ల కోసం వాడాలనుకుంటే ఏది, ఎంత, ఎప్పుడు ఆపాలి

కీమో రెండో సైకిలుకో మూడో సైకిలుకో "కౌంట్ తక్కువగా ఉంది, వచ్చే వారం రండి" అని డే కేర్ నుంచి తిప్పి పంపగానే ఇంట్లో సలహాలు మొదలవుతాయి. బొప్పాయి ఆకు రసం, బీట్‌రూట్, దానిమ్మ, ఖర్జూరం, వాటి వెనకే తేనె. తేనెను కీమో తీసుకుంటున్నవాళ్లకే ఇచ్చి, వాళ్ల రక్తకణాల లెక్క ఎలా మారిందో చూసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. చిన్నవే, లోపాలున్నవే, కానీ ఉన్నాయి. అందుకని నాటు వైద్యం అని తీసిపారేయడం సరికాదు. కౌంట్ పెంచే ఇంజెక్షన్ మానేసి తేనె సీసాను నమ్ముకోవడం అంతకన్నా పెద్ద తప్పు.

తేనె తినొచ్చు. శుభ్రమైనది ఎంచుకుని, కొలిచి, ఆంకాలజిస్టుకు చెప్పి తినాలి. మందు డోసు, ఇంజెక్షన్, రక్తం ఎక్కించడం, జ్వరం వస్తే ఆసుపత్రికి పరుగెత్తడం, వీటిలో ఏ ఒక్కటీ తేనెను చూసుకుని మారకూడదు.

ముందు సీబీపీ (రక్తకణాల లెక్క తేల్చే పరీక్ష) చదవడం

కీమో మందులు వేగంగా విభజన చెందే కణాల మీద పనిచేస్తాయి. క్యాన్సర్ కణాలతోపాటు ఎముక మూలుగలో రక్తం తయారుచేసే కణాలూ వాటికి దొరికిపోతాయి. తయారీ ఆగిన తర్వాత ఏ కణం ముందు తగ్గుతుందనేది దాని ఆయుష్షును బట్టి ఉంటుంది. క్రిములతో పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ రక్తంలో ఒక రోజు కూడా నిలవవు కాబట్టి ముందు పడేది అవే. ప్లేట్‌లెట్లు ఎనిమిది నుంచి పది రోజులు ఉంటాయి. ఎర్ర కణాలు 120 రోజుల దాకా బతుకుతాయి. అందుకే హిమోగ్లోబిన్ ఒక్క సైకిలుతో కుప్పకూలదు, నాలుగైదు సైకిళ్లలో మెల్లగా జారుతుంది. చాలా మందులకు కౌంట్ అట్టడుగుకు చేరేది కీమో ఇచ్చిన 7వ రోజు నుంచి 14వ రోజు మధ్య. మూడో వారం చివరికి మళ్లీ పైకి వస్తుంది. 21 రోజుల సైకిలు పెట్టడానికి ఇదీ ఒక కారణం.

రిపోర్టులో మొత్తం తెల్లకణాల సంఖ్య ఒక్కటే చూసి కంగారు పడకండి, ధీమా కూడా పడకండి. ముఖ్యమైనది ఏఎన్‌సీ, అంటే న్యూట్రోఫిల్స్ అసలు సంఖ్య. కొన్ని ల్యాబులు దాన్ని అచ్చు వేయవు. మీరే లెక్క కట్టుకోవచ్చు. మొత్తం తెల్లకణాలను న్యూట్రోఫిల్స్ శాతంతో గుణించి 100తో భాగించాలి. తెల్లకణాలు 2,400, న్యూట్రోఫిల్స్ 35 శాతం అనుకుంటే ఏఎన్‌సీ 840. బ్యాండ్ ఫామ్స్ (ఇంకా పూర్తిగా ఎదగని న్యూట్రోఫిల్స్) అని విడిగా శాతం ఇచ్చి ఉంటే దాన్నీ న్యూట్రోఫిల్స్‌తో కలపాలి.

1,500 దిగితే తక్కువ కిందే లెక్క. 1,000 దిగితే ఇన్ఫెక్షన్ల విషయంలో జాగ్రత్త పెరగాలి. 500 దిగితే మామూలుగా మన నోట్లో, పేగుల్లో ఉండే క్రిములే రక్తంలోకి ఎక్కి ప్రాణం మీదకు తెచ్చే పరిస్థితి. తర్వాతి కీమోకు సాధారణంగా ఏఎన్‌సీ 1,500 దగ్గర, ప్లేట్‌లెట్లు లక్ష దాకా ఉండాలని అడుగుతారు. మందును బట్టి, జబ్బును బట్టి డాక్టరు ఈ గీతను కొంచెం అటూ ఇటూ జరుపుతారు.

ప్లేట్‌లెట్లు ఉన్నట్టుండి బాగా తక్కువ చూపిస్తే, ఒంటి మీద ఎర్ర చుక్కలు గానీ చిగుళ్ల నుంచి రక్తం గానీ లేకపోతే, స్మియర్ (గాజు పలక మీద రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూడటం) చేయమని ల్యాబును అడగండి. సేకరించిన ట్యూబులో ప్లేట్‌లెట్లు గుత్తులుగా అతుక్కుని మెషీన్ తప్పు లెక్క చూపడం జరుగుతుంది.

పరీక్షల్లో తేలింది ఎంత

ఎక్కువగా చెప్పుకునేది 2006లో ఇజ్రాయెల్ నుంచి వెలువడిన అధ్యయనం. అంతకు ముందు సైకిల్లో న్యూట్రోఫిల్స్ బాగా పడిపోయి ఇంజెక్షన్లు వేయించుకున్న 30 మందికి, మళ్లీ అదే కీమో ఇస్తూ, లైఫ్-మెల్ అనే తేనెను రోజుకు 5 గ్రాముల చొప్పున 5 రోజులు ఇచ్చారు. వాళ్లలో 12 మందికి, అంటే 40 శాతానికి, మళ్లీ కౌంట్ ఆ స్థాయికి పడలేదు, ఇంజెక్షన్ అవసరం రాలేదు. 19 మందికి హిమోగ్లోబిన్ 11 పైనే నిలిచింది. ప్లేట్‌లెట్లు తగ్గింది ముగ్గురికే.

వినడానికి బాగుంది. ఇప్పుడు రెండో వైపు చూడండి. 30 మందిలో 18 మందికి ఆ ఫలితం దక్కలేదు. తేనె ఇవ్వకుండా పక్కన పోల్చి చూసిన రోగుల గుంపు లేదు. ఒకసారి బాగా పడిన కౌంట్ తర్వాతి సైకిల్లో తనంతట తానే కొంత మెరుగ్గా ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తేనె ఖాతాలో వేశామా లేదా అన్నది పోలిక లేకుండా తేలదు. పైగా అది మన షాపుల్లో దొరికే తేనె కాదు. తేనెటీగలకు ఔషధ మొక్కల సారాలు మేతగా పెట్టి తీయించిన ప్రత్యేక తేనె. ఆ పేపరు చూపించి మామూలు తేనె సీసా అమ్మేవాళ్ల మాటకు అర్థం లేదు.

2016లో ఈజిప్టు నుంచి మరొకటి వచ్చింది. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న 40 మంది పిల్లలకు 12 వారాలు తేనె ఇచ్చి, తేనె లేని 12 వారాలతో పోల్చారు. కౌంట్ పడినప్పుడు వచ్చే జ్వరాలు, ఆసుపత్రిలో గడిపిన రోజులు తేనె తిన్న కాలంలో తగ్గాయి. పోలిక ఉంది కాబట్టి ఇది కొంత గట్టిది. ఎవరు ఎప్పుడు తేనె తింటున్నారో అందరికీ తెలుసు కాబట్టి పూర్తిగా గట్టిది కాదు. మోతాదు కూడా చూడండి: కిలో బరువుకు 2.5 గ్రాములు, వారానికి రెండుసార్లు. 20 కిలోల పిల్లకు ఒక్క విడతలో 50 గ్రాములు, అంటే ఏడు టీస్పూన్లు. ఈ లుకేమియాలో స్టెరాయిడ్లూ ఆస్పరాజినేజ్ ఇంజెక్షనూ కలిసినప్పుడు పిల్లలకు షుగర్ ఎగబాకుతుంది. డాక్టర్ల కళ్ల ముందు జరిగిన ప్రయోగాన్ని ఇంట్లో నకలు చేయకండి.

తేనెలో ఇనుము ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందనే మాట కూడా వినిపిస్తుంది. 100 గ్రాముల తేనెలో ఇనుము 0.4 మిల్లీగ్రాముకు అటూ ఇటూ. ఐసీఎంఆర్ లెక్కలో స్త్రీకి రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. తేనెతోనే ఆ లెక్క తీర్చాలంటే రోజుకు ఏడు కిలోలు తాగాలి. కీమోలో హిమోగ్లోబిన్ తగ్గడానికి చాలాసార్లు ఇనుము లోపం కారణమే కాదు. మూలుగ పని మందగించడం కారణం. ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బీ12 పరీక్షలు చేయించి, లోపం తేలితే దానికి మందు వేసుకోవడమే దారి.

ఎవరు అసలు ముట్టుకోకూడదు

ఏడాది నిండని పసిపిల్లలకు తేనె నాకించడం కీమో ఉన్నా లేకున్నా వద్దు. తేనెలో క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బ్యాక్టీరియా విత్తులు ఉండొచ్చు. పసి పేగుల్లో అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, కండరాలు చచ్చుబడతాయి. పెద్దవాళ్ల పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియా ఆ విత్తులను ఎదగనివ్వదు.

కీమో రోగి విషయానికొస్తే, మందులూ వరుస యాంటీబయాటిక్‌లూ కలిసి ఆ మంచి బ్యాక్టీరియానే దెబ్బతీస్తాయి. పెద్దవాళ్లకు ఇలా బొట్యులిజం రావడం బాగా అరుదు. అయినా లుకేమియాకు గట్టి కీమో నడుస్తున్నవాళ్లు, బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లు వార్డు డైటీషియన్ అనుమతి లేకుండా తేనె జోలికి పోకూడదు. పచ్చి తేనె అయితే పూర్తిగా నిషిద్ధం. కాచి వడగడితే సరిపోతుంది కదా అంటారు. సరిపోదు. ఆ విత్తులు చావాలంటే ప్రెషర్‌లో 121 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అంత వేడి తగిలితే అది తేనెగా మిగలదు.

షుగర్ అదుపులో లేనివాళ్లు, పుప్పొడి గానీ తేనెటీగ కుట్టడం గానీ పడక ఒళ్లంతా దద్దుర్లు లేచిన చరిత్ర ఉన్నవాళ్లు, ఇరినోటెకాన్ లేదా కేపసిటబిన్ అనే కీమో మందుల మీద ఉండి విరేచనాలు అవుతున్నవాళ్లు కూడా దూరంగా ఉండాలి. తేనెలో సుమారు 38 శాతం ఫ్రక్టోజ్. చెడిన పేగు దాన్ని పూర్తిగా పీల్చుకోలేక నీళ్లు లాగి విరేచనాలను పెంచుతుంది.

డెక్సామెథాసోన్ గురించి ఒక మాట. ప్యాక్లిటాక్సెల్ లాంటి మందులకు ముందు ఇచ్చే ఈ స్టెరాయిడ్, షుగర్ లేనివాళ్లకు కూడా ఒకటి రెండు రోజులు షుగర్ పెంచుతుంది, అదీ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఎక్కువగా. పొద్దున ఫాస్టింగ్ చూసి "నార్మల్ ఉంది" అనుకుంటే మోసపోతారు. భోజనం అయిన రెండు గంటలకు చూడాలి. 180 దాటుతుంటే తేనె ఆపండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) మీద ఆధారపడకండి: రక్తం ఎక్కించినా, రక్తహీనత బాగా ఉన్నా ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది.

ఏ తేనె కొనాలి

మామూలు ఇంటికి తేనె కొనేటప్పుడు మన భయమంతా కల్తీ గురించి. కీమో రోగికి కల్తీ కన్నా క్రిములే పెద్ద సమస్య. బెల్లం పాకం కలిస్తే డబ్బు పోతుంది, షుగర్ పెరుగుతుంది. తడి చేతులతో పిండిన అడవి తేనెలో ఈస్టు, బూజు, దుమ్ము ఉంటే 600 ఏఎన్‌సీ ఉన్న మనిషికి అంతకు మించిన హాని జరగొచ్చు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మేలైన తేనె అని మనం చెప్పుకునేది, చెట్టు మీది పట్టు దించి కళ్లముందే పిండి ఇచ్చేది, ఈ రోజుల్లో రోగికి వద్దు. పిండేటప్పుడు తుట్టెలోని పిల్ల పురుగులు, పుప్పొడి, మైనం అన్నీ అందులో కలుస్తాయి. కొండ తేనెలో, అదీ వానాకాలంలో తీసినదానిలో, తేమ ఎక్కువ. తేమ 20 శాతం దాటితే ఈస్టు బతికి పులియబెడుతుంది. 'రా', 'అన్‌ప్రాసెస్డ్' అని లేబుల్ మీద గొప్పగా రాసుకున్నవీ ఇదే కోవలోకి వస్తాయి. నల్లమల చెంచులు, మన్యం గిరిజనులు తెచ్చే తేనె తినాలనే ఉంటే, దాన్ని సేకరించి శుద్ధి చేసి సీసాల్లో అమ్మే గిరిజన సహకార సంస్థ దుకాణాల నుంచి సీలు ఉన్న సీసా తీసుకోండి, తుట్టె నుంచి నేరుగా కాదు.

సీసా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, ప్యాక్ చేసిన తేదీ ఉండాలి. అగ్‌మార్క్ ఉంటే ఇంకా మంచిది. మూత సీలు ఊడి ఉన్నా, మూత తీయగానే నురుగు గానీ పుల్లటి వాసన గానీ వచ్చినా వాపసు ఇచ్చేయండి. కిలో సీసా చవకని తీసుకోకుండా 100 గ్రాములదో 250 గ్రాములదో కొనండి. రోజూ తెరిచే సీసా ఎంత తొందరగా ఖాళీ అయితే అంత మంచిది.

నీళ్లలో వేసి చూడటం, అగ్గిపుల్లకు రాసి వెలిగించడం, బ్లాటింగ్ పేపరు మీద చుక్క వేయడం, ఇవేవీ కల్తీని పట్టవు. చిక్కటి రైస్ సిరప్ వీటన్నిటిలోనూ పాసవుతుంది. 2020 డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బయటపెట్టిన పరీక్షల్లో 13 బ్రాండ్లలో 10, కల్తీని పట్టే ఎన్ఎంఆర్ అనే యంత్ర పరీక్ష దాటలేకపోయాయి. అంత పెద్ద యంత్రం పట్టుకోగలిగినదాన్ని అగ్గిపుల్ల పట్టుకోలేదు. తేనె గడ్డకట్టడం కూడా కల్తీకి గుర్తు కాదు; గ్లూకోజ్ ఎక్కువున్న తేనె సహజంగానే పలుకులు కడుతుంది.

విదేశీ మనూకా తేనె ఖరీదు చూసి మోజు పడనక్కర్లేదు. దాని పేరు గాయాల మీద పూత విషయంలో వచ్చింది, రక్తకణాల విషయంలో కాదు. అశ్వగంధ, తిప్పతీగ, జిన్సెంగ్ కలిపిన 'ఇమ్యూనిటీ' తేనెలైతే వద్దే వద్దు. తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు 2021లో మన దేశంలోనే నమోదయ్యాయి. కీమో మందుల్లో చాలావాటిని శరీరం నుంచి పంపేది కాలేయమే. కాలేయం దెబ్బను చూపే ఎస్‌జీపీటీ పెరిగితే అది మందు వల్లా, మూలిక వల్లా అన్నది ఎవరూ తేల్చలేరు, కీమో మాత్రం ఆగుతుంది. రాయల్ జెల్లీ, పుప్పొడి గుళికలు తీవ్రమైన అలర్జీ తెప్పించగలవు కాబట్టి వాటినీ పక్కన పెట్టండి.

మొదలుపెట్టడం, కొలత, వేళ

తొలిసారి తేనె తినేది కీమో రోజు కాకూడదు. దద్దుర్లు లేస్తే మందు పడలేదో, తేనె పడలేదో తెలియదు. డెక్సా వల్ల అప్పటికే షుగర్ పైకి ఉంటుంది. ఇంకో సంగతి: వాంతులయ్యే రోజున తిన్న పదార్థం మీద మనసుకు విరక్తి పుట్టొచ్చు, తర్వాత వాసన తగిలినా కడుపులో తిప్పొచ్చు. కౌంట్ కోలుకుని ఉన్న మూడో వారంలో మొదలుపెట్టండి. మొదటి రోజు పావు టీస్పూను. ఒక రోజంతా ఆగి దురద, పెదాల వాపు, కడుపు నొప్పి ఏవీ లేకపోతే మర్నాటి నుంచి అసలు మోతాదు.

ఆ మోతాదు రోజుకు ఒక టీస్పూను. గరిష్ఠంగా రెండు, అవీ వేరువేరు వేళల్లో. ఇంట్లో టీస్పూన్లు ఒకటి మూడు మిల్లీలీటర్లు పడితే ఇంకోటి ఏడు పడుతుంది. దగ్గు సిరప్ మూతలో 5 మిల్లీలీటర్ల గీత ఉంటుంది, దానితో కొలవండి. తేనె నీటి కన్నా బరువు కాబట్టి 5 మిల్లీలీటర్లు సుమారు 7 గ్రాములు తూగుతుంది. ఇజ్రాయెల్ పరీక్షలోని 5 గ్రాములు అంటే మూడున్నర మిల్లీలీటర్లే. రెండు టీస్పూన్లలో సుమారు 11 గ్రాముల చక్కెర, 43 కేలరీలు ఉంటాయి. డబ్ల్యూహెచ్ఓ తేనెను కూడా చక్కెర లెక్కలోనే వేస్తుంది, రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలంటుంది. తేనె తింటున్న రోజున టీలో పంచదార, హార్లిక్స్, గ్లూకోజ్ పొడి ఆ మేరకు తగ్గాలి.

చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుందని బెదిరించేవాళ్లు ఒక స్పూను తేనె చూసినా ఉలిక్కిపడతారు. శరీరంలోని మామూలు కణాలూ గ్లూకోజ్‌ను వాడుకుంటాయి. మీరు తినడం మానేసినా కాలేయం దాన్ని తయారుచేస్తుంది. ఒక స్పూనుతో కణితి పెరగదు. బరువు తగ్గిపోతున్న రోగికి తిండి మాన్పించడమే అసలు నష్టం.

ఖాళీ కడుపుతో కాకుండా టిఫిను తర్వాత తినడం నయం. గోరువెచ్చటి నీళ్లలో, చల్లారిన రాగి జావలో, ఇంట్లో కాచిన పాలతో తోడుపెట్టిన పెరుగులో కలపొచ్చు. పొగలు కక్కే పాలలో వేయకండి, వాసనా ఎంజైములూ పోతాయి. నోరు పూసి ఉంటే నిమ్మరసం కలపకండి, భగ్గున మండుతుంది. కలిపిన నీళ్లు కాచి చల్లార్చినవై ఉండాలి. క్యాన్ నీళ్లను నమ్మి అలాగే తాగడం ఇప్పుడు వద్దు.

7వ రోజు నుంచి 14వ రోజు వరకు, సీబీపీలో ఏఎన్‌సీ 500 దిగితే, మా సలహా తేనె పూర్తిగా ఆపడమే. 1,000 దాటాక మళ్లీ మొదలుపెట్టొచ్చు. నాలుగు రోజులు ఆపడం వల్ల పోయేదేమీ లేదు.

సీసాను చూసుకోవడం

రోగికి విడిగా సీసా పెట్టండి. స్పూను పొడిగా ఉండాలి. ఒక చుక్క నీరు పడినా ఆ చోట తేమ పెరిగి పులుపు మొదలవుతుంది. నోట్లో పెట్టుకున్న స్పూను మళ్లీ సీసాలో ముంచకూడదు. ఒక పొడి స్పూనుతో గిన్నెలోకి తీసి, వేరే స్పూనుతో తినాలి. చీమలు పడితే ఏరేసి వాడటం మామూలు రోజుల్లో చేసే పని, ఇప్పుడు ఆ సీసా ఇంట్లో మిగతావాళ్లకు ఇచ్చేయండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, గడ్డకడుతుంది. గడ్డకడితే చేయి పెట్టగలిగేంత వేడి నీళ్లలో సీసాను పావుగంట ఉంచండి, పొయ్యి మీద కాదు. తెరిచిన రోజు తేదీ సీసా మీద పెన్నుతో రాసి, నెలలో ముగించండి. బుడగలు వచ్చినా, మూత తీస్తుంటే గాలి బుస్సుమన్నా పారేయాలి.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

ఒక నోటుబుక్కులో సైకిలుకు ఒక పేజీ. మందుల పేర్లు, డోసు, కీమో తేదీ, కౌంట్ ఇంజెక్షన్ వేసిన తేదీ, తేనె తిన్న రోజులు, సీబీపీ తేదీ, ఏఎన్‌సీ, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, జ్వరం వచ్చిందా. పోల్చేటప్పుడు ఒకే రోజుకు ఒకే రోజును పోల్చాలి. మొదటి సైకిలు పదో రోజు ఏఎన్‌సీని రెండో సైకిలు పంతొమ్మిదో రోజు ఏఎన్‌సీతో పోల్చి పెరిగిందనడం ఎక్కువగా జరిగే పొరపాటు. పంతొమ్మిదో రోజుకు తేనె తినని మనిషికీ పెరుగుతుంది.

డాక్టరు డోసు తగ్గించి ఉంటే మెరుగు దానివల్లే. కౌంట్ పెంచే ఇంజెక్షన్లైన ఫిల్‌గ్రాస్టిమ్ లేదా పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ వేసి ఉంటే ఆ పెరుగుదల ఇంజెక్షన్‌ది. తెల్లకణాలు ఒక్కసారిగా 20,000 దాటినా అది చాలాసార్లు దాని పనే. పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్‌ను కీమో అయిన 24 గంటలు గడిచాకే వేస్తారు, తర్వాతి కీమోకు 14 రోజుల ముందు నుంచి వేయరు. కీమో విషం తాకే వేళకు మూలుగలో కణాలను హడావుడిగా పుట్టిస్తే అవీ చచ్చిపోతాయి కాబట్టి ఈ నియమం. కౌంట్ బాగుంది కదా, తేనె ఉంది కదా అని ఈ ఇంజెక్షన్‌ను ఇంట్లో నిర్ణయం చేసి ఎగ్గొట్టకండి. ఖర్చు భారమైతే ఆ మాట డాక్టరుకే చెప్పండి, రోజువారీ ఫిల్‌గ్రాస్టిమ్‌కు మార్చడం లాంటి దారులు ఉంటాయి.

మూలుగ మళ్లీ కణాలు కట్టడానికి కావలసింది తేనె కన్నా మాంసకృత్తులు. కిలో బరువుకు రోజుకు 1 గ్రాము పైన, 1.5 గ్రాముల దాకా అందాలి. 50 కిలోల మనిషికి 75 గ్రాముల వరకు. పూర్తిగా ఉడికిన గుడ్డు ఒకటి 6 గ్రాములు ఇస్తుంది. గట్టి పప్పు, చేప, చికెన్, పాలు, పెరుగు కలిస్తేనే లెక్క తీరుతుంది. చారన్నం, మజ్జిగన్నంతో రోజు గడిపేసి పైన ఒక స్పూను తేనె వేసుకుంటే ఏ కౌంటూ లేవదు.

నోటిపూతకు మాత్రం తేనెకు బలమైన చోటు ఉంది

రక్తకణాల విషయంలో ఇంత ఆచితూచి మాట్లాడినా, తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకునేవాళ్ల నోటిపూత విషయంలో తేనెకు మెరుగైన ఆధారం ఉంది. 2020లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా అక్కడ నివారణకు దాన్ని సూచించాయి. మలేషియాలో 2003లో వాడిన పద్ధతి ఇది: రేడియేషన్‌కు 15 నిమిషాల ముందు 20 మిల్లీలీటర్లు, అయ్యాక 15 నిమిషాలకు మళ్లీ అంతే, ఆరు గంటల తర్వాత ఇంకోసారి. నోరంతా తిప్పి నిదానంగా మింగాలి.

ఇక్కడ మోతాదు రోజుకు 60 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 84 గ్రాములు. షుగర్ ఉన్నవాళ్లు తిప్పి ఉమ్మేయాలి. రేడియేషన్‌కు లాలాజలం ఎండిపోయిన నోట్లో తేనె పళ్ల మీద నిలిస్తే పళ్లు తొందరగా పుచ్చుతాయి. అందుకని అరగంట ఆగి, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వంట సోడా కలిపిన నీళ్లతో పుక్కిలించాలి. రాత్రి తేనె నోట్లో పెట్టుకుని పడుకోవడం వద్దు.

జ్వరం వస్తే

ఇంట్లో డిజిటల్ థర్మామీటరు లేకుండా కీమో మొదలుపెట్టకండి. ఒక్కసారి 101 చూపించినా, 100.4 ఒక గంట నిలిచినా, అది 7 నుంచి 14 రోజుల మధ్య అయితే మరీ ముఖ్యంగా, తేనె, కషాయం, మిరియాల పాలు అన్నీ పక్కన పెట్టి బయలుదేరాలి. జ్వరం చూడకుండా పారాసిటమాల్ వేయకండి, వేడి దిగి అసలు సంగతి దాగిపోతుంది. న్యూట్రోఫిల్స్ లేని మనిషికి చీము పట్టదు, గొంతు ఎర్రబడకపోవచ్చు, ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు. చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. చలి వణుకు, మగత, బీపీ పడిపోవడం ఉంటే జ్వరం లేకపోయినా ఇదే నియమం.

తెల్లవారనిద్దాం అనుకోకండి. మీ ఆసుపత్రి దూరమైతే 108కి ఫోన్ చేసి దగ్గర్లో ఐసీయూ ఉన్న చోటికి వెళ్లండి. కీమో ఫైలు, చివరి సీబీపీ, నోటుబుక్కు వెంట ఉండాలి. క్యాజువాలిటీలో చీటీ రాయించుకుని వరసలో కూర్చోకుండా "కీమో పేషెంటు, ఫలానా తేదీన కీమో అయింది, జ్వరం ఇంత ఉంది" అని మొదటి మాటగా చెప్పండి. రక్తం కల్చర్‌కు తీసి, మొదటి యాంటీబయాటిక్ గంటలోపు నరానికి ఎక్కించాలి. తేనె, ఆకు రసాలు, మూలికలు ఏవైనా తీసుకుంటూ ఉంటే అక్కడి డాక్టరు అడిగే దాకా ఆగకుండా అవీ చెప్పేయండి.